అమ్మాయమ్మ పెరుగు దుత్త

అల్లో… ఆ, నేనే. పుదుచ్చేరి నుంచి, దొరైస్వామిని… ఎవురు, రాజేంద్రనా? మీ అత్తను కొంచెం పిలువప్పా. అంబుజమత్తను… ఆ, కడలూరికి పురుడు పొయ్యను వచ్చిన అంబుజమత్తనే, ఇంకెవురిని… లోపల వుంటే రమ్మను. నేను పట్టుకోనే వుంటా.

శివలింగమన్నా, పిలవను పోయినాడు. నువ్వు వాకిట్లో నిలబడు. దొర మూడింటికి గానీ నిద్ర లేవడంటివే… ఒకవేళ లేచి వస్తే నువ్వొకసారి దగ్గు.

…అల్లో. అత్తా?… నేనే, దొరైస్వామి… అరవొద్దత్తా, మామూలుగా మాట్లాడినా వినపడతాది… ఒకటి చెవికి పెట్టుకో, ఇంకొకటి నోటికాడ… అట్ల కాదు, తిప్పి పట్టుకున్నావేమో… ఆ. ఇప్పుడు బాగుండాది.

…మిల్లు ఆఫీసులోనుంచి. పనికి రాలేదులే, మాట్లాడను వచ్చినా. ఇక్కడ కాపలా వుండే శివలింగమన్న ముందు వొద్దన్నాడు. మైలలో వుండేవాడివి, ఫోను ముట్టుకుంటావా అన్నాడు. దొర సారాయి తాగిన నోరు ఆనించే గొట్టం, దానికి నా మైల ఏం అంటుకుంటాదన్నా అన్నాను… మీది పురిటి మైల, మాది చావు మైల. తీగలో పొయ్యే మాటకి రెండూ లేవులే.

బిడ్డ బాగుండాదా?… తల్లికి జ్వరం గిరం ఏమీ లేదే… సంతోషం.

…ఊ…

…ఏడవొద్దత్తా… నువ్వు రాలేదని ఎవురూ అనుకోలే. పచ్చి బాలింతను ఇడిసిపెట్టి యాడ వస్తావు. అవ్వకి నోరుంటే ఆమే వొద్దనుండేది.

…బావికాడ. తెల్లారకముందే నీళ్ళు చేదను పోయింది. ఇంట్లో కోడలు వుండాది, మరగతం చేదతాది, నువ్వు పోవొద్దవ్వా అని ఎన్ని తూర్లు చెప్పినా. ఎవురి మాట వింటాది ఆమె. కాలు జారింది. తల వెనకపక్క రాయికి కొట్టుకుంది… రక్తం ఎక్కువ రాలే. రాకపోవడమే చెడ్డదంట. జట్కాలో ఆసుపత్రికి ఎత్తుకోని పోయినా, తల నా వొళ్ళో పెట్టుకోని. రెండు దినాలు కండ్లు తెరవలే… పోయిన వారం బుధవారం పొద్దున.

…లేదు, నొప్పి పడలే. నిద్రలో పోయినట్టే పోయింది.

…ఇంటికి తేలే. బయట పోయిన పీనుగ మళ్ళీ గడప దాటి లోపలికి రాకూడదన్నారు పెద్దోళ్ళు. ఆసుపత్రి నుంచి అట్లే కాటికి. కొరివి నేనే పెట్టినా. మా నాయన వుంటే ఆయన పెట్టుండాల.

అదీ మేలే అనుకున్నా అప్పుడు, ఇంటికి తేకపోవడం. ఎందుకంటే… అత్తా, తాతకి చెప్పలే.

…చెప్పలే. అవ్వ పోయిందని తాతకి ఇంకా చెప్పలే. ఇయ్యాళ్ళకి తొమ్మిది దినాలు.

…నువ్వే చెప్పు, ఎట్ల చెప్తాను. పోయిన ఏడు గుండె పట్టుకోని తిన్నె మీంచి పడిపోయినాడే, అప్పుడు వైద్యుడు ఏమన్నాడు? ఇంకొక దెబ్బ తగిలితే తట్టుకోలేడు అన్నాడు గదా. నువ్వూ పక్కనే వుండావు.

…ఏం చెప్పినామంటే, బాహూరులో చెల్లెలు కన్నియమ్మాళ్‌కి జబ్బంట, చూడను పోయింది అని చెప్పినాం. కండ్లు లేని మనిషి. అవ్వ పడినప్పుడు నిద్రలో వుండాడు. నమ్మినాడు. ‘పోనీలే, చెల్లెల్ని చూసి ఎన్నాళ్ళయ్యిందో’ అన్నాడు.

మరగతం కొంగు నోట్లో కుక్కుకోని ఏడిచింది, పెరట్లో, బావి అవతల. వీధిలో ఎవురు పోయినా ముందు గొంతెత్తింది మా అవ్వే గదా. పోయినోళ్ళ గుణాలన్నీ చెప్పి చెప్పి ఏడిచేది, తిట్టుకున్నోళ్ళని గూడా. ఆమెకి మాత్రం ఒక్క గొంతు లేవలే. నోరు మూసుకోండి, తాత వింటాడు, నోరు మూసుకోండి. అదే మేము ఆమెకి చేసిన మర్యాద.

…వుండు, వుండు. నేను అడగను వచ్చింది అడగనీ ముందు. లైను ఎప్పుడు పోతాదో తెలీదు.

నాకు తోడు కావాల అత్తా. పెరుగు తోడు… ఆ, పెరుగే. చెంబుడు వద్దు, గరిటెడు చాలు. రేపు మీ అల్లుడి నూనెబండి పుదుచ్చేరికి వస్తాదంట గదా, దాంట్లో పంపు. మూత గట్టిగా కట్టు. ఎల్లకాడ సుంకం చావడిలో ఆపి, చెంబులో బంగారం గింగారం వుందేమోనని పుల్ల పెట్టి కెలుకుతారు ఆ సిపాయిలు. కెలికినా పర్వాలేదు. ఒలకపోస్తేనే చిక్కు.

…చెప్తా, విను. తాత తినడం లే.

…ఏమీ తినడం లే. పండ్లు లేవు, కారం పడదు, ఇన్నేండ్లూ పెరుగన్నంతోనే గదా ఆయన పానం నిలిచింది. మరగతం మెత్తగా పిసికి ఇస్తాది. నోట్లో పెట్టుకుంటాడు. అటూ ఇటూ తిప్పుతాడు. ఊసేస్తాడు. ‘ఇది మన ఇంటిది కాదు’ అంటాడు. తిట్టడు, చట్టి తొయ్యడు, ఆ ఒక్క మాట అని గోడవైపు తిరిగి పండుకుంటాడు. తొమ్మిది దినాలుగా నీళ్ళే. అవీ దినానికి నాలుగు గుక్కలు. నిన్న చంకలో చెయ్యి పెట్టి లేపితే, అత్తా, మనిషి బరువే లేడు. పంచె ఎత్తినట్టుండాది.

…గంజి ఇచ్చినాం. పాలు ఇచ్చినాం. అరటిపండు నలిపి ఇచ్చినాం. నోరు తెరవడు. పెరుగన్నం అంటేనే తెరిచేది, అదీ రుచి చూసి ఊసేస్తాడు.

…అవ్వ పెరుగు యాడుండాది అత్తా ఇంక? ఆ దుత్త పగలగొట్టేసినాం. అమ్మలక్కలు వచ్చి చెప్పినారు, పీనుగ ఇంటికి రాకపోయినా మైల మైలే, పాత కుండలు వుంచకూడదు అని. నీళ్ళకుండ, గంజిచట్టి, పెరుగు దుత్త, వుప్పు చట్టితో సహా అన్నీ వీధి చివర పగలగొట్టి, కొత్తవి తెచ్చినారు. ఒక్క చుక్క తోడుకి తీసి పెట్టండి అని చెప్పను నేను ఇంట్లో లేను. కాటిలో వుండా. మరగతం చిన్నది, ఆమెకి ఏం తెలుసు, పెద్దోళ్ళు చెప్పింది చేసింది.

నీకు తెలీనిదా అత్తా. ఆ పెరుగు అవ్వ కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటినుంచి తెచ్చిన తోడు. ఆమె అట్లే చెప్పేది. ఒకనాటి పెరుగు ఇంకొకనాటికి తోడు, అట్ల యాబై ఏండ్లు తెగకుండా వచ్చింది. ఇంట్లో చావులు అయినాయి, మా అమ్మ పోయింది, నాయన పోయినాడు, అప్పుడుగూడా కుండలు పగలగొట్టినారు. అయినా ఆమె ముందుగానే పక్కింట్లో ఒక గరిటె దాచిపెట్టేది. ఏడుస్తానే దాచిపెట్టేది. ఆమె పోతే దాచిపెట్టను ఎవురుండారు.

…వేసేది, ఆ. పాలు కాచి దించి, చిటికెనవేలు ముంచి లెక్కపెట్టేది. పదిదాకా వేలు ఓర్చుకుంటే పాలు సరి. ఆమెకి పదిదాకానే వచ్చు లెక్క. తోడు వేసి, తాత పాత పంచెతో దుత్తని చుట్టి, మూలన పెట్టి, దానితో చెప్పేది, ‘కదలొద్దు, తెల్లారి మాట్లాడుకుందాం’ అని. మా అమ్మ పోయిననాడు నాకు అయిదేండ్లు. ఆనాడు నన్నుగూడా ఆ పంచెలోనే చుట్టి పక్కన పండుకోబెట్టుకోని అదే మాట చెప్పింది. కదలొద్దు, తెల్లారి మాట్లాడుకుందాం. నేను కదలలే.

…వుండా. వుండా అత్తా.

…అవ్వ తోడు ఇచ్చిన ఇండ్లు పన్నెండు లెక్కపెట్టినా. పన్నెండు ఇండ్లూ తిరిగినా, మైలోడిని గదా, వాకిట్లోనే నిలబడి. కాళియమ్మ ఇంట్లో పిల్లి తాగేసి రెండు నెలలంట. జయమ్మాళ్ బజారు పెరుగు కలిపేసిందంట. కుప్పమ్మాళ్ అయితే, ‘పెరుగుకి ఇంటిపేరు వుంటాదా నాయనా, ఏదో ఒకటి ఎత్తుకోని పో’ అనింది. దండం పెట్టి వచ్చేసినా.

మా పక్కన మీ ఇంట్లోదా? మీ కోడలు ఇచ్చింది, మొదటిదినమే. పైనుంచి పోసింది, తాకకుండా. దాన్నే తోడేసింది మరగతం. దాన్నే గదా తాత ఊసేస్తావుండాడు. నువ్వు కడలూరికి వచ్చేటప్పుడు పాత పెరుగు చెంబులో ఎత్తుకోని వచ్చినావంట, అట్ల అయితే మీ కోడలు కొత్తది మొదలుపెట్టుంటాది. అవ్వ ఇచ్చింది నీకాడే వుండాల. నువ్వే దిక్కు.

…అల్లో?… అల్లో. వినపడతా వుండాదా?

…వుండావా. లైను పోయిందనుకున్నా.

…సగమే ఎత్తుకోని వచ్చినావా. సగం మీ కోడలికాడ వుంచినావు… అంటే రెండూ ఒకటేనా… అదెట్ల. మరి తాత ఎందుకు ఊసేస్తాడు?

…ఏంది?

…మళ్ళీ చెప్పు… ఎవురు ఎవురికి ఇచ్చేది?

…నువ్వా. నువ్వు అవ్వకి ఇచ్చేదానివా… ఎప్పటినుంచి… పోయిన ఆడినెల నుంచి. అంటే యేడాది.

…లేదత్తా. నువ్వు పొరబడి వుంటావు. మా అవ్వ పక్కింట్లో తోడు అడిగేదా? వీధి వీధికీ ఇచ్చిన మనిషి. అడిగినోళ్ళకి లేదన్నది లేదు, తను ఒకరిని అడిగింది లేదు.

…పెరటిగోడ మీంచి… పొద్దుగూకేముందు… కొంగులో చెంబు దాచిపెట్టుకోని.

…ఊ.

…పాలల్లో తోడు వెయ్యను మరిచిపొయ్యేదా… మరిచిపోయి రెండుతూర్లు వేసేదా. పొయ్యిమీద మరిగే పాలల్లోనే వేసేసిందా ఒకనాడు… ఎన్ని నాళ్ళు చెడిపోయింది?… మూడు దినాలు. మూడో దినానికి తోడుకి పాత చుక్కగూడా మిగలలే. అంతేనా. యాబై ఏండ్లది అట్ల పోయిందా.

…ఏమని ఏడిచింది నీకాడ?… ‘నా చెయ్యి పోయిందే అంబుజం.’

…మాకెవురికీ చెప్పొద్దని నీ మనవరాలి మీద వొట్టు పెట్టించుకుందా. పుట్టని మనవరాలి మీదనా. ఆమే చెయ్యగలదు అట్ల.

…నిన్ను ఏమీ అనడం లేదత్తా. నువ్వు మంచే చేసినావు. నేనే. నా కండ్లకేం రోగం. ఆమెకి మతి తప్పుతా వుండాదని నాకు తెలిసే వుండాల. నన్ను చెల్లప్పా అని పిలిచేది, మా నాయన పేరు. ఒకనాడు కాఫీలో వుప్పేసి ఇచ్చింది. నేను నవ్వినా అత్తా. మిల్లులో అందరికీ చెప్పి నవ్వించినా. మా అవ్వ కాఫీ చారు పెట్టిందని. ఆమెగూడా నవ్వింది నాతో. ఆ నవ్వేటప్పుడు లోపల ఎంత బయపడిందో. నా చెయ్యి పోయింది అని ఒకరితో చెప్పుకోవాలంటే గోడ మీంచి పక్కింటిని పిలవాల్సి వచ్చింది. నేను ఇంట్లోనే వుండాను గదా. పక్క గదిలోనే వుండాను.

…చెప్పొద్దు, నాకు మంచిమాట చెప్పొద్దు. ఇంక ఆమె లేదు. లేనిదానికి మంచిమాట ఏం చేసుకోను.

శివలింగమన్నా, ఏంది?… దగ్గింది నువ్వు కాదా… సరే, సరే.

…చెప్పత్తా… ఆ, అదే నేనూ అనుకుంటావుండా. తాతకి అప్పుడే తెలిసుంటాది. ఆయన నాలిక సామాన్యమైందా. రేవుకాడ వేరుశెనగ గోడౌన్లో ముప్పై ఏండ్లు కాయ నమిలి ఇది బాహూరు మట్టిది, ఇది విల్లియనూరు మట్టిది అని చెప్పినోడు. దొరలు మిషను తెచ్చినా ఆయన్ని పిలిచే అడిగేవాళ్ళు. పెరుగు మారింది తెలియకుండా వుంటాదా. తెలిసీ తిన్నాడు. యేడాది తిన్నాడు. దినమూ తిని, ‘ఇయ్యాళ బాగుండాది’ అనేవాడు. ఇంతకుముందు అట్ల అనేవాడు కాదు. నేను విన్నా గదా. వయసు పైబడి మెత్తబడినాడు అనుకున్నా.

…అయితే పెరుగు అదే. మీ పెరుగే. యేడాదిగా తిన్నది అదే, ఇప్పుడు ఊసేస్తావుండేది అదే.

…పాలు? పాలూ అవే. కరుప్పన్ ఆవు పాలే, మార్చలే.

…నీళ్ళు మన బావివే.

…మరగతం చెయ్యి బాగలేదని కాదత్తా, ఆమె అంతకుముందుగూడా పిసికి పెట్టింది. అవ్వకి జ్వరం వస్తే ఆమే పెట్టేది. తిన్నాడు.

…దుత్త? దుత్త కొత్తది. చెప్పినా గదా, అన్నీ పగలగొట్టి కొత్తవి…

…

…అత్తా.

…లేదు. వుండు. మాట్లాడొద్దు, నేను చెప్తా.

బుధవారం పొద్దు వాలినాక నేను కాటినుంచి వచ్చినా. తానం చేసి వచ్చేలోపల తాత నీళ్ళు అడిగినాడు. మరగతం కొత్త కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. ఒక గుక్క తాగినాడు. లోటా చేతిలో అట్లే పెట్టుకోని కూర్చున్నాడు. చాలాసేపు. ఏంది తాతా, చాలా అంటే, ‘చాలు’ అన్నాడు.

మట్టి ఆయనకి తెలీదా అత్తా. పచ్చికుండ వాసన. మొదటి గుక్కలోనే. నీళ్ళల్లో, గంజిలో, పెరుగులో, అన్నిట్లో ఒకేనాడు కొత్తమట్టి. ఒక కుండ పగిలితే ఒకటి మారుస్తారు. ఇంట్లో కుండలన్నీ ఒకేనాడు మారేది దేనికి? పుట్టుగుడ్డికైనా తెలుసు.

నేను తలగుడ్డ తియ్యకుండా తిరిగినా తొమ్మిది దినాలు. గుండు చేతికి తగిలితే తెలిసిపోతాదని, ఆయన చెయ్యి చాపితే దూరం జరిగినా. చిన్నప్పటినుంచి తల నిమిరిన చెయ్యి అది, దానికి అందకుండా తప్పించుకున్నా. ఏడుపు దాచినాం. గుండు దాచినాం. ఆసుపత్రి కాగితం దాచినాం, ఆయన చదవలేడని తెలిసీ దాచినాం. కుండలు మాత్రం శాస్త్రం తప్పకుండా మార్చినాం. ఎంత తెలివి మాది.

…కాదు, తెలిసే వుండాది. ఇంకా విను. అవ్వ పడిన సోమవారం నాడు మూడు తూర్లు అడిగినాడు, అమ్మాయమ్మ బాహూరునుంచి వచ్చిందా అని. మంగళవారం అయిదు తూర్లు. బుధవారం ఆ నీళ్ళు తాగినాక ఒక్కతూరిగూడా అడగలే. ఈ తొమ్మిది దినాల్లో ఒక్కతూరి. ఎప్పుడొస్తాది అని లేదు, ఎందుకు రాలేదు అని లేదు. మేమేమో అమ్మయ్య, మరిచిపోయినాడు అనుకున్నాం. సంతోషపడినాం అత్తా. మరగతం అనింది, ‘పావం, పెద్దాయన మరిచిపోయినాడు, దేవుడే మరిపించినాడు’ అని.

…మరి తెలిస్తే అడగడా? నన్ను పట్టుకోని తిట్టడా? ఏడవడా?… మేము దాస్తావుండామని దాచనిచ్చినాడంటావా. మా కోసం.

…ఊ. అంతే అయ్యుంటాది. యేడాది పెరుగు తిన్నట్టే.

…ఇది మన ఇంటిది కాదు, అంటే… ఊ. ఇంట్లో మనిషి లేదు, అంటా వుండాడు. మేము పెరుగు వెతుకుతా వుండాం.

…నేను ఇప్పుడు ఏం చెయ్యాల. చెప్పు. ఇంటికి పోయి చెప్పాలంటావు, చెప్తా. నోరు తిరిగితే చెప్తా. చెప్పినాక? ‘తెలుసులేరా’ అంటాడు. అని గోడవైపు తిరుగుతాడు. ఆ తర్వాత? ఆకలి లేక మానిన వాడికి అన్నం పెట్టొచ్చు. కావాలని మానినోడికి నేను ఎట్ల పెట్టను.

నువ్వు రా అత్తా. రేపు పదోనాడు. మీ అల్లుడి బండిలోనే రా. తోడు వద్దు, ఏమీ వద్దు, నువ్వు వస్తే చాలు. ఆయన పక్కన కూర్చో, నీ చేత్తో ఒక్క ముద్ద పెట్టు. అవ్వ తర్వాత ఆయన మాట విన్నది నీదే. అన్నా, తిను అంటే తింటాడు. ఒక్క ముద్ద మింగితే రెండోది మింగుతాడు.

…మైలనా? మైలింటికి మైలోళ్ళు వస్తే తప్పేంది. సముద్రంలో మునిగి రా.

…బాలింతని ఒక్కనాడు మీ అల్లుడు చూసుకుంటాడు. సాయంత్రానికి మళ్ళీ బండెక్కిస్తా నిన్ను. నేనే తోడు వస్తా.

…మరి ఎందుకు రావు?

…అత్తా, ఎందుకు రావో చెప్పు. నా మీద కోపమా. ముందుగా కబురు పెట్టలేదనా.

…ఎవురు? ఇరుసప్పనా? మీ అల్లుడి బండి తోలేవాడా… మంగళవారం… నువ్వే పంపినావా, పెద్దాయన ఎట్లుండాడో చూసి రమ్మని. వచ్చినాడా మా ఇంటికి? ఎవురూ చెప్పలేదే మాకు… నేను పిండం పెట్టను సముద్రానికి పోయుంటా. మరగతం పెరట్లో వుండుంటాది.

…తిన్నె మీద కూర్చోని వుండాడా. ఊ… బండి చప్పుడు విని తాతే పిలిచినాడా. ఇది కడలూరు బండి, నూనె వాసన వస్తాది అని.

…ఏమడిగినాడు?… బిడ్డ పుట్టిందా అని. ఆడబిడ్డ అంటే సంతోషపడినాడు. ఊ.

…ఇంకా?

…చెప్పు అత్తా. ఇంత చెప్పినావు, అదిగూడా చెప్పు.

…‘శుక్రవారం పదోనాడు.’ ఆయనే చెప్పినాడా, వాడు అడగకుండానే. దినంగూడా తప్పలే. ఒక్కడే కూర్చోని లెక్కపెట్టుకున్నాడు.

…ఊ.

…మళ్ళీ చెప్పు, సరిగా వినపడలే.

…‘అంబుజాన్ని పదోనాటికి రావొద్దని చెప్పు. పురిటింట్లో పని చూసుకోమను. ఇంకొక వారం ఆగి వస్తే, మా ఇద్దరికీ కలిపి ఒకే ఏడుపు సరిపోతాది.’

…

…లేదత్తా, పోలే. వుండా.

…ఇరుసప్పన్ ఏమన్నాడు దానికి?… వాడేం అంటాడు పావం.

…ఏడవొద్దు. బాలింత వింటాది. ఏడవొద్దత్తా.

…

…సరే. రేపు రావొద్దులే.

…ఆ. తాత చెప్పినట్టే రా… నేను మళ్ళీ ఫోను చేస్తా. అప్పుడు బయలుదేరు.

…వుంటానత్తా.